రెండు కన్నులు, ఒకే చిత్రం: త్రీడీ వీడియోను బాగుచేసుకోవడం ఎలా?



మార్చి నెల వచ్చిందంటే మన బడుల్లో పరీక్షల మాటతో పాటు బదిలీల మాట కూడా వినిపిస్తుంది. ఈసారి మా ఎనిమిదో తరగతి తెలుగు పిల్లల్లో ముగ్గురి ఇళ్లకు ఉత్తర్వులు వచ్చాయి. ఒకరు అస్సాంకు, ఒకరు గుజరాత్‌కు, ఒకరు విశాఖపట్నానికి. "మేడం, గ్రూప్ ఫొటో ప్రతి బడిలోనూ తీసుకున్నాం. ఈసారి బడిని త్రీడీలో తీసుకెళ్దాం" అని వాళ్లే అడిగారు. సరేనన్నాం.

ఒక చెక్క స్కేలుకు రెండు ఫోన్లు కట్టాం. ఒక మధ్యాహ్నమంతా వేపచెట్టును, వరండాను, ప్రార్థన మైదానాన్ని, మైదానంలో పరుగులను తీశాం. మర్నాడు రెండు వీడియోలను కలిపి, ఎర్ర-నీలి కళ్లద్దాలు పెట్టుకుని చూశాం. రెండు నిమిషాలకే ఒకరు కళ్లు నులుముకున్నారు. ఇంకొకరు "తలనొప్పి" అన్నారు. చెట్టు రెండుగా కనిపించింది. ఎర్ర టీషర్టులు మిలమిల మెరిసి కళ్లకు గుచ్చుకున్నాయి.

మళ్లీ తీద్దామంటే వీలు లేదు. ఆ రాత్రి రైలుకే ఒక కుటుంబం బయలుదేరింది. ఉన్న వీడియోనే బాగుచేసుకోవాలి. ఆ పని చేస్తూ మేము నేర్చుకున్నదే ఈ పాఠం. ముందుగా ఒక్క మాట గుర్తుంచుకోండి: త్రీడీలో నాణ్యత అంటే ఒక్కో బొమ్మ ఎంత అందంగా ఉందన్నది కాదు, రెండు బొమ్మలూ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయన్నది.

లోతు ఎక్కడి నుంచి వస్తుంది?

మీ చూపుడు వేలును ముఖానికి జానెడు దూరంలో పట్టుకోండి. ఒక కన్ను మూసి చూడండి. తరువాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. చేయి చాచి అదే వేలును దూరంగా పెడితే గెంతు తగ్గుతుంది. పెద్దవారి కళ్ల మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. అందుకే రెండు కళ్లకూ కొద్దిగా వేరు వేరు బొమ్మలు అందుతాయి. ఆ రెండింటి మధ్య ఉండే పక్కవాటు తేడాను ఈ పాఠంలో 'ఎడం' అందాం. ఎడాన్ని బట్టే మెదడు ఏది దగ్గర, ఏది దూరం అని లెక్క వేసుకుంటుంది.

ఈ సంగతిని 1838లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ వీట్‌స్టన్ నిరూపించారు. రెండు అద్దాలను కోణంగా నిలబెట్టి, ఒక్కో కంటికి ఒక్కో గీతల బొమ్మ చూపించారు. గీతల బొమ్మలే గట్టి వస్తువుల్లా లేచి నిలబడ్డాయి. అప్పటికి ఫొటోగ్రఫీ లోకానికి ఇంకా వెల్లడి కాలేదు. అంటే లోతు కోసం అద్భుతమైన ఫొటో అక్కరలేదు, పొందికైన రెండు బొమ్మలు చాలు.

పరీక్షించే పద్ధతి: ఊగించి చూడడం

వీడియోలో తప్పు ఎక్కడుందో కళ్లద్దాలు పెట్టుకుంటే తెలియదు, తలనొప్పి మాత్రమే తెలుస్తుంది. అందుకని మేము కళ్లద్దాలు పక్కన పెట్టాం. ఎడమ బొమ్మను, కుడి బొమ్మను తెర మీద ఒకే చోట, సెకనుకు రెండు మూడు సార్లు మార్చి మార్చి చూపించాం. దీనికి 'ఊగింపు' అని పేరు పెట్టుకున్నాం.

పొందికగా ఉన్న జంటలో వస్తువులు పక్కలకు మాత్రమే ఊగుతాయి. ఏ వస్తువైనా పైకీ కిందికీ ఊగినా, వెలుగు మారినా, రంగు మారినా అక్కడ తప్పున్నట్టే. మా వీడియోలో ఇవన్నీ ఉన్నాయి! ఇక ఒక్కో తప్పునూ వరసగా దిద్దుకున్నాం. ఈ వరస ముఖ్యం. ముందు చేయాల్సింది వెనక చేస్తే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

మొదటి పని: సమయం కలపడం

రెండు ఫోన్లనూ ఒకే క్షణంలో నొక్కడం ఎవరికీ సాధ్యం కాదు. తీయడం మొదలైనప్పుడు ఒకరు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ధ్వని గీతను చూస్తే చప్పట్ల దగ్గర ఒక నిటారు ముల్లు కనిపిస్తుంది. రెండు ముళ్లనూ ఒకదాని కింద ఒకటి వచ్చేలా జరిపాం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫోన్లు చాలావరకు సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీయవు, వెలుగును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకని రెండు వీడియోలనూ ముందు స్థిరమైన 30 ఫ్రేముల వేగానికి మార్చుకున్నాం. చివర్లో కూడా చప్పట్లు కొట్టి ఉంటే, మధ్యలో ఎంత జారిందో తెలిసేది. మేము కొట్టలేదు. మీరు మరిచిపోకండి.

సమయం ఎందుకంత ముఖ్యమో లెక్క వేద్దాం. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. ఫ్రేములను జరిపి ఎంత కలిపినా అర ఫ్రేము, అంటే 17 మిల్లీసెకన్ల దాకా తేడా మిగిలిపోవచ్చు. సెకనుకు 4 మీటర్లు పరిగెత్తే పిల్లవాడు ఆ కొద్ది సమయంలోనే సుమారు 7 సెంటీమీటర్లు ముందుకు పోతాడు. మా రెండు లెన్సుల మధ్య దూరం కూడా 7 సెంటీమీటర్లే! కాబట్టి ఒక దిక్కుకు అడ్డంగా పరిగెత్తిన పిల్లవాడి ఎడం రెట్టింపై, వాడు ఉన్నచోటు కన్నా బాగా దగ్గరగా కనిపిస్తాడు. ఎదురు దిక్కుకు పరిగెత్తినవాడి ఎడం దాదాపు సున్నా అయి, ఎక్కడో ఆకాశం దగ్గర పరిగెత్తినట్టుంటాడు. మైదానంలో మా పరుగులు వింతగా కనిపించడానికి కారణం ఇదే. అడ్డంగా పరిగెత్తిన దృశ్యాలను తీసేసి, కెమెరా వైపు పరిగెత్తుకొచ్చిన దృశ్యాలను ఉంచాం. త్రీడీలో అవే బాగుంటాయి కూడా.

రెండో పని: మట్టం సరిచేయడం

మన కళ్లు లోపలి పక్కకు తేలికగా తిరుగుతాయి. కానీ ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి చూడమంటే చూడలేవు. కాబట్టి రెండు బొమ్మల మధ్య నిలువు తేడా ఉంటే కళ్లు వెంటనే అలిసిపోతాయి. తలనొప్పికి మొదటి కారణం ఇదే.

మా కుడి ఫోను ఒక్క డిగ్రీ వాలి ఉంది. ఒక్క డిగ్రీయే కదా అనుకున్నాం. కానీ 1920 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ ఒక్క డిగ్రీ తిరిగితే, ఒక అంచు 17 పిక్సెళ్లు పైకీ, రెండో అంచు 17 పిక్సెళ్లు కిందికీ పోతాయి. వరండా గుమ్మాల పై అంచులను గుర్తుగా పెట్టుకుని, కుడి బొమ్మను వెనక్కి తిప్పాం. తిప్పితే మూలల్లో నల్లటి ఖాళీలు వస్తాయి. అవి పోవాలంటే బొమ్మను 3 శాతం పెద్దది చేయాలి. అప్పుడు ఎడమ బొమ్మనూ అంతే పెద్దది చేయాలి. లేకపోతే ఒకే చెట్టు ఒక కంటికి చిన్నగా, ఒక కంటికి పెద్దగా కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. తిప్పడం, పెంచడం, జరపడం ఒక్కోసారి ఒక్కోటి చేసి ప్రతిసారీ ఫైలు దాచుకుంటూ పోతే బొమ్మ మసకబారుతుంది. మూడింటినీ ఒకేసారి చేయించి, ఒకేసారి దాచుకోవాలి.

మూడో పని: వెలుగు, రంగు కలపడం

రెండు ఫోన్లు రెండు రకాలు. ఒకదానిలో గోడ పసుపు ఛాయగా, ఇంకోదానిలో నీలి ఛాయగా ఉంది. ఒకటి కాంతిగా, ఒకటి చీకటిగా ఉంది. వేప మొదలు మీద సున్నం పూసిన పట్టీని గుర్తుగా తీసుకుని, అది రెండింటిలోనూ ఒకేలా కనిపించే వరకు ముందు వెలుగును, తరువాత రంగును సవరించాం.

వెలుగు తేడా వల్ల వచ్చే నష్టం అందం తగ్గడమొక్కటే కాదు. చీకటిగా ఉన్న బొమ్మను మెదడు కొంచెం ఆలస్యంగా అందుకుంటుంది. అంటే వెలుగు తేడా మళ్లీ సమయం తేడాగా మారుతుంది! 1922లో జర్మనీకి చెందిన కార్ల్ పుల్‌ఫ్రిక్ దీన్ని వివరించారు. ఒక కంటికి నల్లటి అద్దం అడ్డం పెట్టుకుని ఊగే లోలకాన్ని చూస్తే, అది ఊగుతున్నట్టు కాక గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. చిత్రమేమిటంటే ఆయనకు ఒక కంట చూపు లేదు. తాను వివరించిన వింతను తానే చూడలేకపోయారు.

నాలుగో పని: గరుకు తగ్గించడం, పదును పెంచడం

వరండాలో వెలుగు తక్కువ. అక్కడ తీసిన దృశ్యాల్లో ఇసుక చల్లినట్టు గరుకు వచ్చింది. మామూలు వీడియోలో దాన్ని ఓర్చుకోవచ్చు. త్రీడీలో మాత్రం ఎడమ కంటి గరుకు వేరు, కుడి కంటి గరుకు వేరు కాబట్టి రెండూ కలవక, గాలిలో దుమ్ము ఆడుతున్నట్టు కనిపిస్తుంది. రెండు బొమ్మలకూ ఒకే అంకెలు పెట్టి కొద్దిగా గరుకు తగ్గించాం.

పదును విషయంలో మొదట ఆశపడ్డాం. బాగా పెంచేసరికి మనుషుల చుట్టూ తెల్లని గీత వచ్చింది. త్రీడీలో వాళ్లు అట్ట కత్తిరించి నిలబెట్టిన బొమ్మల్లా తయారయ్యారు! చివరికి చాలా తక్కువ పదునుతో సరిపెట్టుకున్నాం. కూరలో ఉప్పు లాంటిదే ఇది: ఎక్కువైతే తీయలేం.

ఐదో పని: ఎడాన్ని తెరకు తగ్గట్టు సర్దడం

ఇది అన్నిటికన్నా ముఖ్యం. లాప్‌టాప్‌లో బాగున్న వీడియో హాలులోని పెద్ద తెర మీద ఎందుకు చెడిపోతుంది?

మా వీడియోలో దూరపు ప్రహరీ గోడకు 40 పిక్సెళ్ల ఎడం ఉంది. లాప్‌టాప్ తెర వెడల్పు 34 సెంటీమీటర్లు. అప్పుడు ఎడం 40 ÷ 1920 × 34, అంటే 0.7 సెంటీమీటరు. ఏ ఇబ్బందీ లేదు. అదే వీడియోను 4 మీటర్ల వెడల్పున్న తెర మీద వేస్తే 40 ÷ 1920 × 400, అంటే 8.3 సెంటీమీటర్లు. మన కళ్ల మధ్య దూరమే 6.5. అంతకన్నా ఎక్కువ ఎడం ఉన్నదాన్ని చూడాలంటే రెండు కళ్లూ చెవుల వైపు, బయటికి తిరగాలి. అలా తిరగడం కళ్లకు అలవాటు లేదు. పైగా పిల్లల కళ్ల మధ్య దూరం ఇంకా తక్కువ.

మందు తేలికే. రెండు బొమ్మలనూ పక్కకు కొద్దిగా జరిపి, గోడ ఎడాన్ని 20 పిక్సెళ్లకు తెచ్చాం. పెద్ద తెర మీద అది 4.2 సెంటీమీటర్లే. ఇలా జరిపితే దృశ్యమంతా ఒక్కసారిగా మన వైపుకు వస్తుంది. కాబట్టి తెర పక్క అంచుల్లో ఏదైనా సగం తెగి, తెర కన్నా ముందుకు పొడుచుకు వచ్చిందేమో చూసుకోవాలి. మాకు ఒక వేప కొమ్మ అలా వచ్చింది. తెర వెనక ఉండాల్సిన అంచు కొమ్మను ఎలా నరికిందో అర్థం కాక మెదడు తికమకపడుతుంది. ఆ అంచును కాస్త కత్తిరించేశాం.

ఆరో పని: రంగులను మచ్చిక చేసుకోవడం

ఎర్ర-నీలి పద్ధతిలో ఎడమ బొమ్మ నుంచి ఎరుపును, కుడి బొమ్మ నుంచి ఆకుపచ్చ, నీలం రంగులను తీసుకుని ఒకే బొమ్మగా కలుపుతారు. ఎర్రటి అద్దం గుండా ఎడమ కంటికి ఎడమ బొమ్మ, ఆకుపచ్చ కలిసిన నీలి అద్దం గుండా కుడి కంటికి కుడి బొమ్మ చేరతాయి.

మరి ఎర్ర టీషర్టు సంగతేమిటి? ఎడమ కంటికి అది తెల్లగా వెలుగుతుంది. కుడి కంటికి నల్లగా కనిపిస్తుంది. ఏది నిజమని రెండు కళ్లూ పోట్లాడుకుంటాయి. ఆ పోట్లాటే మేము చూసిన మిలమిల. ఎడమ బొమ్మను ముందు నలుపు-తెలుపుగా మార్చి, ఆ వెలుగునే ఎరుపు స్థానంలో వాడితే పోట్లాట తగ్గుతుంది. ఎరుపు కొంచెం వెలిసిపోతుంది, కానీ కళ్లు హాయిగా ఉంటాయి.

ఒక కంటి బొమ్మ రెండో కంటికి కాస్త కారితే అంచుల పక్కన నీడబొమ్మ కనిపిస్తుంది. చీకటి గుమ్మం ముందు తెల్ల చొక్కా ఉంటే ఇది మరీ ఎక్కువ. నలుపును కాస్త బూడిదగా, తెలుపును కాస్త తగ్గించి పెడితే నీడబొమ్మ పలచబడుతుంది.

ఏడో పని: చివరలోనే కలపడం

సాధారణంగా వీడియో ఫైళ్లు వెలుగును ప్రతి పిక్సెల్‌కూ దాచుకుంటాయి కానీ, రంగును నాలుగు పిక్సెళ్లకు ఒక్కసారే దాచుకుంటాయి. మామూలుగా మన కంటికి ఆ తేడా తెలియదు. కానీ ఎర్ర-నీలి వీడియోలో ఎడమ కుడి బొమ్మలను వేరు చేసేదే రంగు! రంగు మసకబారితే బొమ్మలు ఒకదానిలోకి ఒకటి కారుతాయి. కాబట్టి దిద్దుబాట్లన్నీ విడివిడి ఫైళ్లలోనే చేయాలి. ఎర్ర-నీలిగా కలపడం ఆఖరి పని. కలిపిన ఫైలును పెద్ద సైజులోనే ఉంచాలి, మెసేజింగ్ యాప్‌లో పంపి మళ్లీ నలిపించకూడదు. విడివిడి ఫైళ్లను ఎప్పటికీ పారేయకండి. రేపు ఇంకా మంచి కళ్లద్దాలు, ఇంకా మంచి తెర దొరికితే వాటి నుంచే కొత్తగా చేసుకోవచ్చు.

ఇదే విద్య, ఆకాశం నుంచి

ఈ రెండు బొమ్మల విద్య ఆటకే పరిమితం కాదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1 ఉపగ్రహంలో రెండు కెమెరాలుండేవి. ఒకటి ముందుకు, ఒకటి కొద్దిగా వెనక్కి వంగి, ఒకే నేలను రెండు కోణాల్లో తీసేవి. ఆ బొమ్మల మధ్య ఎడాన్ని కొలిచి కొండల ఎత్తు, లోయల లోతు లెక్కగట్టారు. ఆ రెండు బొమ్మల మధ్య నిమిషం లోపు సమయం గడిచేది. కదలని కొండకు నష్టం లేదు. కదిలే మబ్బుకు మాత్రం లెక్క తప్పుతుంది. అడ్డంగా పరిగెత్తిన మా పిల్లవాడి కథే అది.

బాగుపడనిది, బాగుపడినది

ఎడిటింగ్‌తో అన్నీ బాగుపడవు. లెన్సులను దగ్గర చేయడానికి మేము ఒక ఫోనును తలకిందులుగా కట్టాం. ఫోను కెమెరా బొమ్మను ఒక్కసారిగా తీయదు, వరస తరువాత వరసగా పై నుంచి కిందికి చదువుతుంది. తలకిందులైన ఫోను కింది నుంచి పైకి చదివింది. అందుకే అడ్డంగా కదిలినవాళ్లు కాస్త వాలినట్టు కనిపించారు. వీడియోను ఎంత తిప్పినా ఆ తప్పు పోలేదు. ఈసారి రెండు ఫోన్లనూ ఒకే దిక్కుగా కట్టాలని రాసుకున్నాం.

దిద్దిన వీడియోను హాలులో వేశాం. ఆరు నిమిషాలు ఎవరూ కళ్లద్దాలు తీయలేదు. కానీ విశాఖకు వెళ్లే అమ్మాయి మాత్రం "నాకు మామూలు వీడియోలాగే ఉంది మేడం" అంది. కళ్లద్దాలు తిరగేసి పెట్టుకుందేమో అనుకున్నాం. కాదు. ఇంట్లో చెప్పి కంటి వైద్యులకు చూపించమన్నాం. ఒక కంటికి చూపు బాగా తక్కువని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లుగా ఎవరూ గమనించలేదు, తనకూ తెలియదు. వైద్యం మొదలైంది. పిల్లలూ, త్రీడీ కనిపించకపోవడం తప్పు కాదు. కానీ కనిపించకపోతే పెద్దలకు తప్పకుండా చెప్పండి.

మరి ఆ అమ్మాయికి బడిని ఎలా ఇవ్వాలి? అప్పుడు మా ఊగింపు గుర్తొచ్చింది. రెండు బొమ్మలను మార్చి మార్చి చూపిస్తే, దగ్గరి కొమ్మలు ఎక్కువగా, దూరపు గోడ తక్కువగా కదులుతాయి. ఆ కదలికతో ఒక్క కంటికి కూడా లోతు తెలుస్తుంది. వేపచెట్టు దృశ్యాన్ని అలా చేసి చూపించాం. కాసేపు కదలకుండా చూసి, "చెట్టు వెనక అంత ఖాళీ ఉందా మేడం!" అంది. తప్పులు వెతకడానికి పెట్టుకున్న పరీక్షే ఆమెకు కానుక అయింది.

మూడు పెన్‌డ్రైవులు మూడు ఊళ్లకు వెళ్లాయి. ప్రతిదానిలోనూ ఎడమ ఫైలు, కుడి ఫైలు విడివిడిగా ఉన్నాయి.

చేసి చూడండి

1. దారానికి రబ్బరు కట్టి లోలకంలా ఊపమని మిత్రునికి చెప్పండి. చలువ కళ్లద్దాల ఒక అద్దాన్ని ఒక కంటికే అడ్డం పెట్టుకుని, రెండు కళ్లతోనూ చూడండి. అద్దాన్ని రెండో కంటికి మారిస్తే ఏమవుతుంది?

2. ఒక వీడియోలో దూరపు కొండకు 30 పిక్సెళ్ల ఎడం ఉంది. బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్లు. 5 మీటర్ల తెర మీద ఎడం ఎన్ని సెంటీమీటర్లు? అది కళ్లకు సరిపోతుందా?

3. లెన్సుల మధ్య దూరానికి 30 రెట్ల కన్నా దగ్గరగా ఏ వస్తువూ ఉండకుండా చూసుకోవడం త్రీడీ తీసేవారి అలవాటు. లెన్సుల మధ్య 7 సెంటీమీటర్లుంటే మిత్రుడు కనీసం ఎంత దూరంలో నిలబడాలి?

పదాలు – అర్థాలు

ఎడం = రెండు బొమ్మల మధ్య పక్కవాటు దూరం
పొందిక = చక్కగా కలిసి ఉండడం
మట్టం = ఎగుడుదిగుడు లేని సమస్థితి
లోలకం = దారానికి వేలాడుతూ ఊగే బరువు
ప్రహరీ = ఆవరణ చుట్టూ కట్టిన గోడ
జానెడు = చాచిన బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొన దాకా ఉండే దూరం